రాజుగారి ఎడమకాలు

అనగనగా ఒక ఊళ్ళో ఒక సింహాసనం, ఆ సింహాసనం మీద ఒక రాజుగారు. అవునే రేవతీ, ముందు సింహాసనమే చెప్పాలి. ఆ రాజుగారు దాని మీంచి దిగితేగా! ఊ కొట్టండి మరి. మీరు ఊ కొట్టకపోతే నా కథ కూడా ఆయనలాగే కూర్చుండిపోతుంది.

ఆయన పేరు స్థిరసింహుడు. నలభై రోజులు, అంటే ఒక మండలం, సింహాసనం దిగకుండా కూర్చుంటే పొరుగు రాజ్యం దానంతటదే వచ్చి ఒళ్ళో పడుతుందని ఆస్థాన జ్యోతిష్కుడు చెప్పాడుట. కత్తి పట్టక్కర్లేదు, చెమట పట్టక్కర్లేదు, కూర్చుంటే చాలు. ఇంకేం, కూర్చున్నాడు. స్నానానికి గంగాళం అక్కడికే వచ్చింది, భోజనానికి వెండికంచం అక్కడికే వచ్చింది, నిద్రకి దిండు అక్కడికే వచ్చింది. మిగతావి అడక్కు బుజ్జిగా, అవీ అక్కడికే వచ్చాయి.

ఇరవయ్యో రోజుకి ఎడమ పిక్క పట్టేసింది. మర్నాటికి కాలు వాచింది. కుడికాలు ఎప్పటిలాగే పొట్లకాయలా ఉంది, ఎడమకాలు గుమ్మడికాయ అయింది. ఎర్రగా కమిలి, ముట్టుకుంటే పెనంలా కాలుతోంది.

మంత్రి మార్తాండయ్య వంగి చూసి, ఆహా, రాజ్యభారమంతా ప్రభువుల ఎడమకాల్లోకి దిగింది, శుభం అన్నాడు. ఆస్థానకవి ఆ వాపు మీద నూరు పద్యాలు చదివాడు. రాజుగారి కాలు వాచిందని మంత్రి తన కాలికి గుడ్డలు చుట్టాడు. మంత్రి చుట్టాడని సేనాపతి చుట్టాడు. సేనాపతి చుట్టాడని భటులు చుట్టారు. భటులు చుట్టారని వంటవాళ్ళు చుట్టారు. వారం తిరక్కుండా ఆ కోటలో కుంటకుండా నడిచినవాడు రాజద్రోహి!

నవ్వింది చాలు, వినండి. ఆ సభలో ఇంకో ఆచారం ఉంది. ప్రభువులకి ఎక్కడ నొప్పెడితే అక్కడ ఒత్తడం మహా గౌరవం. ఆ కాలు నేను ఒత్తుతానంటే నేను ఒత్తుతానని పెద్దపెద్దవాళ్ళు తోసుకున్నారు. చివరికి మంత్రి, కుస్తీలు పట్టే వస్తాదు కొండల్రాయుణ్ణి పిలిపించాడు. వాడు చేతులకి నూనె రాసుకుని, మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడే కోడలు నాంచారి మామగారికి మజ్జిగ తెచ్చింది. యువరాజు ఏరికోరి చేసుకున్న పిల్ల. కాలవ కాపలా కాసి చేలకి నీళ్ళు వదిలే నీరుగట్టి కూతురు. ఆ కాలు చూసింది, చేతిలో చెంబు వదిలేసింది.

“ఆగు కొండల్రాయుడూ! ఆ కాలు ఒత్తావంటే నిన్ను నేనే ఒత్తేస్తాను!”

మంత్రికి ఒళ్ళు మండింది. అడ్డు చెప్పడానికి నువ్వెవరివన్నాడు. అప్పుడు నాంచారి చెప్పింది. మా కాలవలో నీళ్ళు పారుతున్నన్నాళ్ళూ తేటగా ఉంటాయి. తలుపు దించి నిలవపెడితే నాచు పట్టి ముద్దకడుతుంది. ఆ ముద్దని తెలివితక్కువగా కర్ర పెట్టి బాదితే ఊడి కొట్టుకుపోయి, కింద తూముకి అడ్డం పడుతుంది. ఇక చేను ఎండవలసిందే. మామగారి కాల్లో రక్తం కదలక గడ్డకట్టినట్టుంది. ఒత్తితే అది పైకి పోయి ఊపిరితిత్తుల్లో అడ్డుపడుతుంది. ప్రాణం పోతుంది. వైద్యుణ్ణి పిలవండి, అంది.

మంత్రి పకపకా నవ్వాడుట. “కాలవ నీళ్ళూ, రాజరక్తమూ ఒకటేనా అమ్మా? రాజరక్తం ఆజ్ఞ ప్రకారం పారుతుంది!”

“అయితే ఆజ్ఞ ఇప్పించండి బాబాయిగారూ. వాపు తగ్గమని చెప్పండి.”

చెప్పారర్రా! దండోరా వేసి మరీ చెప్పారు. ఎడమకాలు తక్షణం తగ్గవలెను, లేనిచో శిక్షింపబడును అని. కాలు వింది కాబోలు, ఇంకో రెండంగుళాలు వాచింది. అంతలో రాజుగారి గుండెల్లో కలుక్కుమంది, ఊపిరి అందలేదు. మొహం పాలిపోయింది. ఆ గడ్డలోంచి చిన్న ముక్కేదో పైకి పోయినట్టుంది. రామరామ! అప్పుడు భయం వేసింది ఆయనకి.

ఊ కొడుతున్నారా? ఊఁ.

“అమ్మా నాంచారీ, వైద్యుణ్ణి పిలు. కానీ దిగితే మండలం చెడిపోతుందే!” అన్నాడు, అంత ఆయాసంలోనూ.

“మామగారూ, ఏడుకొండలవాడికి అంతటి గుడి ఉందా? అయినా ఉత్సవమంటే బయటికొచ్చి వీధులు తిరుగుతాడు. ఆయనకి లేని పట్టుదల మనకెందుకు?”

ఆ మాటకి రాజుగారి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. దిగుతానన్నాడు. నలుగురు కలిసి మెల్లిగా మంచం మీదికి చేర్చారు. వైద్యుడు పరుగున వచ్చి, గడ్డ పెరక్కుండా మందిచ్చాడు. నేను లేవమన్నప్పుడే లేవాలి, ఎవరూ ఆ కాలు ఒత్తకూడదు అని కొండల్రాయుణ్ణి గుమ్మంలో కాపలా పెట్టాడు. పాపం వాడు, నూనె చేతుల్తోనే నిలబడ్డాడు.

నెలలు పట్టిందనుకోండి, కాలు తగ్గింది. వైద్యుడు నడవమన్నాడు. రాజుగారు ఊరంతా నడిచాడు. నడిస్తే ఏమైంది? వీధుల్లో గోతులు కనిపించాయి! ఇన్నాళ్ళూ సింహాసనం మీంచి చూస్తే రాజ్యమంతా నున్నగానే ఉండేది మరి. గోతులు పూడ్పించాడు. పొరుగు రాజ్యం ఒళ్ళో పడలేదు గానీ, ఉన్న రాజ్యం చేతికొచ్చింది.

మంత్రి మాటా? చెప్పడం మర్చిపోయాను. బిగించి చుట్టిన గుడ్డలు విప్పకుండా తిరిగాడేమో, రక్తం ఆడక వేళ్ళు నీలంగా మారాయి. సిగ్గు విడిచి నాంచారి దగ్గరికే వచ్చాడు. ఆవిడ నవ్వలేదు, గబగబా విప్పేసి వైద్యుడి దగ్గరికి పంపింది. జ్యోతిష్కుడికి మాత్రం రోజూ రాజుగారి వెనకాల కోట చుట్టూ నలభై ప్రదక్షిణలు వేసే ఉద్యోగం ఇచ్చారు.

అందుకే నాన్నా, గంటలకొద్దీ కూర్చోకండి, మధ్యలో లేచి తిరగండి. ఒక కాలు ఉన్నట్టుండి వాచి నొప్పెడితే ఒత్తేసి ఊరుకోక, వెంటనే డాక్టరుకి చూపించాలి.

కథేమో నడుచుకుంటూ కంచికి బయల్దేరింది. మీరు కళ్ళు మూసుకోండి. ఇంతసేపూ కదలకుండా కూర్చుని మీకు నీతులు చెప్పాను, నేను గోవిందా అనుకుంటూ వాకిట్లో నాలుగడుగులు వేసొస్తాను.