నిమ్మకాయకి దారిచ్చిన బండ్లు

అనగనగా ఒక ఊళ్ళో అంటే చిన్న ఊరనుకునేవు చిట్టీ. ఇది చాలా పెద్ద ఊరు. ఎంత పెద్దదంటే, ఆ చివర వాన పడుతుంటే ఈ చివర వడియాలు ఎండేసుకునేవాళ్ళు. ఆ ఊళ్ళో ఐదు రోడ్లు వచ్చి కలిసే ఒక కూడలి ఉంది. దాన్ని అందరూ ఐదు దార్ల సెంటర్ అనేవాళ్ళు. దుప్పటి కాళ్ళ మీదికి లాక్కో. ఊ కొడతావా? కొట్టు మరి.

ఆ కూడలికి ఈ పక్కన సాలమ్మ కూర్చునేది. నిమ్మకాయలూ పచ్చిమిరపకాయలూ దారానికి గుచ్చి, బండ్లకి కట్టే దండలు అమ్మేది. శనివారం వచ్చిందంటే ఆటోలన్నీ ఆమె ముందు వరసకట్టేవి. "అవ్వా, నా బండికి దిష్టి తగలకుండ మంచిగ కట్టు" అనేవాళ్ళు. సాలమ్మ ప్రతి బండి ముందూ వంగి దండ కట్టేది. కట్టి, "పైలంగ పోయి రా బిడ్డా" అనేది.

కూడలికి ఆ పక్కన ఖాజాబీ గాజుల బండి. చేతినిండా గాజులేసుకుని, ఊరికే చెయ్యి ఊపుతూ ఉండేది. ఆ గలగల వినే జనం వచ్చేవాళ్ళు.

మధ్యాహ్నం ఖాజాబీ నమాజు అవగానే సాలమ్మ డబ్బా పట్టుకుని రోడ్డు దాటి వెళ్ళేది. ఇద్దరూ గాజుల బండి నీడలో కూర్చునేవాళ్ళు. సాలమ్మ పప్పన్నం ఖాజాబీ తినేది, ఖాజాబీ రొట్టె సాలమ్మ తినేది. ఎవరి డబ్బా వాళ్ళు తింటే ఇద్దరికీ సహించేది కాదు. వయసులో ఉన్నప్పటినుంచీ అంతే.

అప్పుడు ఆ రోడ్డుని వెడల్పు చేశారు.

ఎంత వెడల్పంటే, ఈ పక్కనుంచి చూస్తే ఖాజాబీ మొహం కనపడదు, చీర రంగు మాత్రం కనపడుతుంది. బండ్లు ఎక్కువైపోయాయి. ఐదు దార్లనుంచీ ఒకేసారి వచ్చి పడేవి. ఎర్ర లైటు పడినా ఎడమకి తిరిగేవాడు తిరుగుతూనే ఉండేవాడు. నడిచేవాళ్ళు మాత్రం చీర కుచ్చిళ్ళు పట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని, దేవుడా అనుకుంటూ పరుగెత్తేవాళ్ళు.

సాలమ్మ ముసలిది, పరుగెత్తలేదు కదా. అందుకని మొదటి రోజు ఎవరి డబ్బా వాళ్ళే తిన్నారు. మర్నాడూ అంతే. డబ్బా సగం మిగిలిపోయింది.

"ఇట్లయితే ఎట్ల" అనుకుంది సాలమ్మ.

మొదట చెయ్యి చాపి చూసింది. మన ఊళ్ళో అందరూ చేసేదే కదా, అరచెయ్యి బండ్లకేసి చూపించి, ఆగండి ఆగండి అన్నట్టు నడిచిపోవడం. నువ్వూ చేస్తావు, చూశాను. సాలమ్మ పొట్టి మనిషి. ఆమె చెయ్యి కారు అద్దం దాకా కూడా రాలేదు. సగం దూరం వెళ్ళింది. అప్పుడు ముందునుంచి ఒకటి, వెనకనుంచి ఒకటి, రయ్యిమని పోయాయి. పాపం నడి రోడ్డు మీద రాటలాగా నిలబడిపోయింది. డబ్బా జారి పడింది. పప్పన్నం మీదనుంచి చక్రాలు వెళ్ళిపోయాయి. ఎవరో రెక్క పట్టుకుని మళ్ళీ ఈ పక్కకే లాక్కొచ్చారు.

ఆ తర్వాత మున్సిపల్ ఆఫీసువాళ్ళు వచ్చి రోడ్డు మీద తెల్ల గీతలు గీశారు.

"జీబ్రా గీతలు అమ్మమ్మా!"

అవే. సాలమ్మ ఎంత మురిసిపోయిందో. తన కోసమే రోడ్డుకి ముగ్గేశారనుకుంది. తలకి నూనె రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని గీతల దగ్గరికి వెళ్ళింది. అప్పుడు ఎర్ర లైటు పడింది. బండ్లన్నీ ఆగాయి. ఎక్కడ ఆగాయి? సరిగ్గా ఆ గీతల మీదే! పీటల మీద పెళ్ళివాళ్ళు కూర్చున్నట్టు కూర్చున్నాయి. కాలు పెట్టే సందు లేదు. పచ్చ లైటు పడగానే అన్నీ కలిసి పోయాయి.

"ముగ్గేసింది నడవనీకి కాదు, బండ్లు కూసోనీకి" అని ఈ పక్కనుంచి సాలమ్మ అరిచింది.

"ఏందక్కా? ఇనపడతలేదు!" అని ఆ పక్కనుంచి ఖాజాబీ అరిచింది.

ఆ తర్వాత ఒక రోజు పొద్దున సాలమ్మ ఒక చిత్రం చూసింది. ఎవరో పసిపిల్లకి దిష్టి తీసి, నిమ్మకాయని కోసి కుంకుమ అద్ది, ఆ కూడలిలో పడేసి పోయారు. అది ఉసిరికాయంత కూడా లేదు. అయినా సరే, కార్లు దాన్ని చూసి పక్కకి జరిగాయి. ఆటోలు జరిగాయి. బస్సు, అంత పెద్ద బస్సు, అదీ జరిగింది. దాని మీదనుంచి ఒక్కరైనా పోలేదు.

మనిషొస్తే ఆగరు గానీ నిమ్మకాయకి దారిస్తారా అని సాలమ్మ ముక్కున వేలేసుకుంది. కాసేపటికి ఆమెకి నవ్వొచ్చింది. నిమ్మకాయలకి తన దగ్గర కరువేమిటి?

మర్నాడు గంపలో కాయలు తెచ్చింది. కోసింది, కుంకుమ అద్దింది, లైటు ఎర్రగా ఉన్నప్పుడు తెల్ల గీతల మీద ఆగిన బండ్ల ముందు ఒక కుర్రాడి చేత వరసగా పెట్టించింది. పచ్చ లైటు పడింది. ముందున్న కారువాడు కాయల్ని చూశాడు. అమ్మో అని బ్రేకు మీద కాలేశాడు. వెనకవాళ్ళూ వేశారు. అప్పుడు సాలమ్మ నడిచింది. ఆమె వెనక బడి పిల్లలు నడిచారు. కడుపుతో ఉన్నామె నడిచింది. గ్యాస్ బండ భుజానేసుకున్నాయన నడిచాడు. మహారాజుల్లా నడిచారు!

ఆ మధ్యాహ్నం పప్పన్నం ఖాజాబీ తింది, రొట్టె సాలమ్మ తింది.

కథ అయిపోలేదే. కళ్ళు మూసుకో, చెవులు తెరిచి ఉంచు.

కొన్నాళ్ళు అలాగే గడిచింది. ఒకనాడు ఖాజాబీ సేమ్యా పాయసం చేసింది. "రోజూ అక్కే వస్తున్నది, ఇయ్యాల నేనే పోత" అనుకుని గిన్నె పట్టుకుని బయల్దేరింది. రోడ్డు అంచు దిగింది. అప్పుడు ఒక ఆటో వేగంగా వస్తోంది. ఆటోవాడు దగ్గరికొచ్చాక నిమ్మకాయల్ని చూశాడు. తొక్కితే కీడని గుండె ఝల్లుమంది. ఒక్కసారిగా పక్కకి తిప్పేశాడు. ఆ పక్కన ఖాజాబీ ఉంది.

భయపడకు. బతికే ఉంది. కాలు విరిగింది. గాజులన్నీ చిట్లిపోయాయి.

సాలమ్మ పరుగెత్తింది చిట్టీ. పరుగెత్తలేదన్నానే, ఆ రోజు పరుగెత్తింది. వెళ్ళి చూస్తే ఆటో ముందు తను కట్టిన దండే వేలాడుతోంది. ఆటోవాడు తిరుమలేశం. వారం వారం ఆమె దగ్గరే దండ కట్టించుకునేవాడు. తల పట్టుకుని నేల మీద కూలబడ్డాడు. "నిమ్మకాయనే చూసిన అవ్వా. మనిషి అవుపడలే. ఒట్టు, మనిషి అవుపడనే లే" అని ఏడ్చాడు. ఏడుస్తూనే ఖాజాబీని అదే ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

ఆసుపత్రిలో కాలికి కట్టుతో పడుకున్న ఖాజాబీ చెయ్యి పట్టుకుని సాలమ్మ కూర్చుంది. తల ఎత్తలేకపోయింది. కాయలు పెట్టింది తనే కదా.

ఖాజాబీయే అంది, "ఏమక్కా, నన్ను గూడ కోసి కుంకుమ అద్ది రోడ్డు మీద పెట్టకపోతివి. అందరు పక్కకెళ్ళి పోతుండె."

సాలమ్మ నవ్వబోయి ఏడ్చేసింది.

"కాలు అతికినంక నేను ఆ రోడ్డు దాట. నువ్వు గూడ రాకు. ఎవలన్నం వాళ్ళం తిందాం" అంది ఖాజాబీ ఆ తర్వాత. ఆ మాటలో నవ్వు లేదు.

సాలమ్మకి ఆ మాట గుచ్చుకుంది. ఇంటికొచ్చి నిమ్మకాయల గంప ముందేసుకుని కూర్చుంది. భయపడ్డవాడు పక్కకి పోయాడే గానీ ఆగలేదు, అనుకుంది. భయపడ్డప్పుడు వాడికి కనపడింది కాయ ఒక్కటే. మరి మనిషి కనపడాలంటే ఏం చెయ్యాలి?

శనివారం వచ్చింది. తిరుమలేశం మొహం వేలాడేసుకుని వచ్చి ఆటో ఆపాడు.

"దండ కట్టవా అవ్వా?"

"కట్ట."

"కోపమా?"

"కోపమే. ఇన్నేండ్లు నీ బండికి దిష్టి తీసిన. నా చెల్లె నీకు అవుపడకపాయె. దండ కావాల్నంటే ముందు ఒక పని చెయ్యి. ఖాజాబీ కర్ర పట్టుకుని లేచిన దినం నేను కబురు పెడత. ఆ దినం గీతలకి ముందల ఆగు. కాయలు పెట్ట, చెయ్యి చూపెట్ట. నువ్వే ఆగు."

తిరుమలేశం తలూపాడు.

చాలా వారాలకి ఖాజాబీ కర్ర పట్టుకుని మళ్ళీ గాజుల బండి దగ్గరికొచ్చింది. ఆ మధ్యాహ్నం సాలమ్మ ఈ పక్కన గీతల దగ్గర నిలబడి, డబ్బా పైకెత్తి చూపించింది. రా అంది. ఖాజాబీ తల అడ్డంగా ఊపింది.

అప్పుడు తిరుమలేశం వచ్చాడు. గీతలకి బారెడు దూరంలో ఆటో ఆపాడు. ఆపి, తాళం తిప్పి ఇంజను కూడా ఆపేశాడు.

వెనక కారువాడు హారన్ కొట్టాడు. దాని వెనక లారీ కొట్టింది. దాని వెనక బస్సు కొట్టింది. ఐదు దార్ల సెంటర్లో అందరి చెవులూ చిల్లులు పడిపోయాయి.

"ఏయ్ ఆటో! పండుకున్నవా?" అని బస్సు డ్రైవరు తల బయటపెట్టి అరిచాడు.

"మనుషులు దాటుతున్నరన్నా!" అన్నాడు తిరుమలేశం.

"ఎవలు? మంత్రిగారా?"

"మా ఖాజాబీ అవ్వ!"

బస్సు డ్రైవరు తల గోక్కున్నాడు. అప్పుడు ముసలామె వంక చూశాడు. కర్ర వంక చూశాడు. మళ్ళీ ఆమె మొహం చూశాడు. చూసి తనూ ఇంజను ఆపేశాడు. లారీ ఆపింది. కారు ఆపింది. పక్క వరసలోవాళ్ళు, వీళ్ళంతా ఎందుకాగారబ్బా అని వాళ్ళూ ఆగారు.

ఆ కూడలిలో అంత నిశ్శబ్దం ఎవరూ ఎరగరు. ఖాజాబీ రొట్టెల డబ్బా చంకన పెట్టుకుని ఒక కాలు దింపింది. కర్ర టక్కుమంది. కొత్త గాజులు గల్లుమన్నాయి. టక్, గల్లు. టక్, గల్లు. కార్లో వాళ్ళకీ వినపడింది, బస్సులో వాళ్ళకీ వినపడింది. నడిమధ్యలో ఆయాసమొచ్చి ఆగింది. ఎవరూ హారన్ కొట్టలేదు. మళ్ళీ టక్, గల్లు.

ఈ పక్కకొచ్చి సాలమ్మ భుజం పట్టుకుంది. "రొట్టెలు మెత్తగున్నయి, తొందరగ తిను" అంది. అంతే అంది.

"ఆ తర్వాత రోజూ అందరూ ఆగారా అమ్మమ్మా?"

లేదే బంగారూ. అబద్ధం ఎందుకు చెప్పను. కొందరు ఆగలేదు. కానీ ముందున్నవాడు ఆగితే వెనకవాడు ఆగక చస్తాడా? ముందు తిరుమలేశం ఒక్కడే ఆగేవాడు. తర్వాత ఆ బస్సు డ్రైవరు. తర్వాత వాళ్ళని చూసినవాళ్ళు. ఆఫీసువాళ్ళు కూడా సిగ్గుపడి రోడ్డు మధ్యలో నిలబడడానికి గట్టు కట్టారు, నడిచేవాళ్ళ లైటు కాసేపు ఎక్కువ వెలిగేట్టు చేశారు. ఖాజాబీ నడక ఎంతసేపో అంతసేపు.

"మరి నిమ్మకాయలు?"

పప్పులో పిండుకున్నారు.

"రేపు బడికి వెళ్ళేటప్పుడు మనకి ఎవరూ ఆగకపోతే?"

మనం ఆగుదాం. వాళ్ళు ఆగేదాకా మనమే ఆగుదాం. నడిపేవాడు నిన్ను చూశాడో లేదో నువ్వు చూడు. నా చెయ్యి మాత్రం వదలకు. పెద్దయ్యాక నువ్వే బండి నడుపుతావు కదా, అప్పుడు ముందు వరసలో నువ్వు ఆగు. ఇంక పడుకో.

అటు చూసి ఇటు చూసి,
ఆగినోడి కళ్ళు చూసి,
టక్కు టక్కు, గల్లు గల్లు,
కథ దాటె కంచికి.
చెయ్యి చెయ్యి పట్టుకుని
మెల్లమెల్లగ నడుచుకుని
మనం చేరాం ఇంటికి.