గుమ్మంలో ఏలీషా

విమలబోధస్వామి వారికి ప్రశ్నలంటే విసుగు లేదు గాని, జవాబులంటే బద్ధకం. అడిగినవాణ్ణి ఏదో ఒక పని మీద పంపేవారు. వాడు తిరిగొచ్చేసరికి ప్రశ్న ఇంకోలా మారిపోయి ఉండేది. రేవు పట్నం నుంచి తరచూ కొండ మీది ఆశ్రమానికి వచ్చే భుజంగరావుకి ఈ సంగతి తెలిసి కూడా, ఆ ఉదయం ఉండబట్టలేక అడిగేశాడు. అందరూ మోక్షం గురించి అడిగే చోట అతను బాస్కెట్‌బాల్ గురించి అడిగాడు.

నవ్వుకోవద్దు, అతని బాధ చిన్నదేం కాదు. రేవు కెరటాలు అనే తమ ఊరి జట్టును కాలేజీ రోజుల నుంచి ప్రాణంగా చూసుకున్నాడు. ఇప్పుడది ఎవరితో ఆడినా ఓడిపోతోంది. ఒకప్పుడు బంతితో గాల్లోకి లేస్తే దిగడం మరిచిపోయాడా అనిపించిన ఏలీషా, ఇవాళ మోకాలికి పట్టీ కట్టుకుని, పక్కనుంచి పోయే బంతిని చూస్తూ నిలబడుతున్నాడు. కుర్రాళ్ళకి చోటివ్వడు. అది చూసి ఇంటికొచ్చిన రోజు భుజంగరావుకి అన్నం సహించదు.

"స్వామీ, నేను ప్రాణం పెట్టుకున్న ఆటను నా కళ్ళ ముందే పాడుచేస్తున్నాడు. ఎందుకు వెళ్ళిపోడు?"

మీ ఊళ్ళో ఏదో ఆనవాయితీ ఉందట కదా అన్నారు స్వామి. ఉంది. ఆటకు ముందు ఏలీషా ఆటస్థలం గుమ్మంలో ఆగుతాడు. గ్యాలరీ నుంచి పేరు పెట్టి పిలిస్తే తప్ప లోపల అడుగు పెట్టడు. ఇన్నేళ్ళుగా ఆ పిలుపు భుజంగరావుదే. దేవుడు బుర్రకి ఇవ్వాల్సింది కూడా గొంతుకే ఇచ్చాడని ఇంట్లో అతన్ని ఆటపట్టిస్తారు. ఈసారి పిలవకుండా ఊరికే కూర్చుని చూసి రమ్మన్నారు స్వామి.

ఆ సాయంత్రం భుజంగరావు తన మామూలు చోట, ఆఖరి వరుసలో గోడకి ఆనుకుని, పెదవులు బిగించి కూర్చున్నాడు. ఏలీషా వచ్చి గుమ్మంలో ఆగాడు. పిలుపు రాలేదు. ముందు ఈలలు ఆగాయి, తర్వాత డప్పు ఆగింది, చివరికి ఎవరూ దగ్గడం కూడా లేదు. ఏలీషా తలెత్తి పైకి చూస్తూ పెదవులు కదిపాడు. అది ప్రార్థన అని ఊరంతా అనుకునేది. భుజంగరావూ అలాగే అనుకుని, అది పూర్తి కాకుండానే కేక పెట్టేవాడు. ఇప్పుడు గోల లేదు గనక మాట వినపడింది.

"ఇక వెళ్ళనా?" అంటున్నాడు ఏలీషా.

భుజంగరావు వెళ్ళిరా అందామని అనుకున్నాడు. నోరు తెరవకముందే వెనకనుంచి "ఏలీషా!" అని కేక వినపడింది. ఆ గొంతు తనదే, కాకపోతే కాలేజీ రోజుల నాటిది. చప్పున వెనక్కి తిరిగితే గోడ తప్ప ఏమీ లేదు. పక్కవాళ్ళు హమ్మయ్య అని అతని భుజం తట్టి, ఇంత ఆలస్యం చేశావేమని కోప్పడ్డారు. కింద ఏలీషా తల దించుకుని, ఎవరో రెక్క పట్టి లాగుతున్నట్టు, కుంటుకుంటూ లోపలికి వచ్చాడు. ఆ రోజు కూడా జట్టు ఓడిపోయింది.

మర్నాడు పొద్దున్నే కొండెక్కి జరిగిందంతా చెప్పాడు భుజంగరావు. భయం అతన్ని ఇంకా వదల్లేదు. తాను నోరు మెదపలేదని ఒట్టు పెట్టుకున్నాడు. కానీ ఆ ఒట్టు మాట సరిగ్గా పైకి రాలేదు, ఆట ఆసాంతం కేకలు పెట్టినవాడిలా అతని గొంతు బొంగురుపోయి ఉంది.

స్వామి అతనికి మంచినీళ్ళు అందించి, అతను తాగేదాకా ఆగారు.

"అతను సెలవడిగాడు నాయనా," అన్నారు. "నువ్వు పేరు పిలిచావు."