నీళ్ళు తాగిన సానచక్రం

కడపలో ఓబులేసుకు గడియారాలు బాగుచేసే కొట్టు ఉండేది. చేతికి గడియారం కట్టుకునేవాళ్ళు తగ్గిపోయాక, పగలంతా కొట్టులో కూర్చుని తన గడియారమే తను చూసుకునే రోజులొచ్చాయి. అప్పుడు వెళ్ళి జబ్బార్ ఉస్తాద్ దగ్గర చేరాడు.

జబ్బార్ ఉస్తాద్ ఉంగరాల రాళ్ళు సానపట్టేవాడు. దర్గాకు వచ్చేవాళ్ళు వేలికి పెట్టుకునే అఖీకు రాళ్ళు, అడుగున చదునుగా, పైన కనుగుడ్డులా నున్నగా ఉబ్బి ఉండేవి, ఆయన చేతి మీదుగానే వెళ్ళేవి. ఆయన మాట్లాడేది తక్కువ. రాయిని లక్కతో పుల్లకు అంటించి ఓబులేసు చేతికిచ్చేవాడు. తప్పు చేస్తే ఆ పుల్ల తీసుకుని తను చేసి చూపించి, మళ్ళీ ఇచ్చేవాడు. పాఠమంటే అంతే.

పని కొంచెం చేతికొచ్చేసరికి ఓబులేసుకు సొంత మిషను కావాలనిపించింది. ప్రొద్దుటూరులో మస్తానని ఒక సానపట్టే ఆయన పోయాడని, ఆయన భార్య హుసేన్‌బీ మిషను అమ్ముతోందని తెలిసింది. ఉస్తాద్ ఆ వారం జ్వరంతో పడుకుని ఉన్నాడు.

"ఉండు, నేనూ వస్తా. వాడిన మిషను కదా" అన్నాడు.

ఓబులేసు ఆగలేదు. వెంట్రుకంత సన్నటి స్ప్రింగులు సరిచేసిన చేతులు తనవి. ఒక మోటారు, ఒక ఇరుసు, ఒక సానచక్రం. ఆ మాత్రం చూసుకోలేడా?

వెళ్ళాడు. ఇరుసు పట్టుకుని ఊపి చూశాడు. కదల్లేదు. చేత్తో తిప్పి, బేరింగుల దగ్గర చెవి పెట్టి విన్నాడు. చప్పుడు లేదు. హుసేన్‌బీ ఇచ్చిన మజ్జిగ తాగి, మిషను ఆటోలో వేసుకుని వచ్చేశాడు.

ఇంటికొచ్చి స్విచ్ వేస్తే బల్ల బల్లంతా అదిరిపోయింది.

చక్రానికి రాయి ఆనిస్తే చాలు, ఎగిరెగిరి పడుతోంది. గుండ్రంగా రావలసిన చోట చెక్కేసినట్టు పలకలు లేస్తున్నాయి. ఓబులేసు బేరింగులు మార్చాడు. బెల్టు బిగించాడు. కాళ్ళ కింద రబ్బరు ముక్కలు పెట్టాడు. అదురు ఇంకా పెరిగిందే గాని తగ్గలేదు. మంచి మంచి రాళ్ళు పాడయ్యాయి. వాటిని గుడ్డలో మూటకట్టి బీరువా వెనక పడేశాడు.

సిగ్గుతో ఉస్తాద్ దగ్గరికి వెళ్ళడం మానేశాడు. తన కళ్ళు తప్పు చూశాయని ఒప్పుకోలేడు. కాబట్టి హుసేన్‌బీయే మోసం చేసింది. ఆ మాట ఒకసారి మనసులోకి వచ్చాక ఇక పోలేదు. అన్నం తింటున్నా అదే, స్నానం చేస్తున్నా అదే. చివరికి ఒకరోజు పొద్దున్నే ఆటో పిలిచాడు. మిషను తీసుకెళ్ళి ఆమె వాకిట్లో పడేసి, వీధి వీధంతా వినేట్టు నాలుగు మాటలు అడిగి రావాలని.

ఆటో వచ్చి ఆగింది. దాని వెనకే, చేతికర్ర పట్టుకుని జబ్బార్ ఉస్తాద్ వచ్చాడు.

"కనపడ్డం మానేసినావే. ఒళ్ళు బాగలేదా?"

ఓబులేసు తల వంచుకున్నాడు. తర్వాత ఆపుకోలేక అంతా చెప్పేశాడు. "మోసం చేసింది ఉస్తాద్. మొగుడు పోయిన మనిషి కదా అని నమ్మినా."

ఉస్తాద్ మోటారు వంక చూడలేదు. చక్రం కింద ఉన్న తొట్టిలోకి వంగి చూశాడు. నీళ్ళున్నాయి. చక్రం అడుగుభాగం వాటిలో మునిగి ఉంది.

"నువ్వు పోయినప్పుడు కూడా తొట్టిలో నీళ్ళున్నాయా?"

"నిండా ఉన్నాయి. వాళ్ళాయన పనిలో కూర్చునే ముందు తొట్టి నింపేవాడంట. ఆయన పోయినాక కూడా, ఎండితే మిషను పాడైపోతుందేమోనని ఆమె రోజూ నీళ్ళు పోస్తానే ఉండాదంట."

"నువ్వు?"

"నేనూ పోస్తానే ఉండా."

ఉస్తాద్ మరలు విప్పి చక్రం బయటికి తీశాడు. ఇరుసు రంధ్రంలో వేలు దూర్చి వేలాడదీసి, స్క్రూడ్రైవరు చెక్కపిడితో మెల్లగా తట్టాడు. తడి గోడను తట్టినట్టు దబ్ మంది.

ఓబులేసు చక్రం మీదికి వంగాడు. "పగిలిందా ఉస్తాద్?"

ఉస్తాద్ చక్రాన్ని ఎత్తుకుని మిద్దె ఎక్కాడు. నీడ ఉన్న చోట, గాలి అన్ని పక్కలా తగిలేట్టు రెండు ఇటుకల మీద పెట్టాడు. కిందికి దిగి ఆటో అతన్ని పంపించేశాడు.

"మరి ప్రొద్దుటూరు?" అన్నాడు ఓబులేసు.

"రేపు పోదువులే."

మర్నాడు ఓబులేసు చెప్పులేసుకునేసరికి ఉస్తాద్ గుమ్మంలో ఉన్నాడు. మిద్దెక్కి చక్రాన్ని బోర్లా తిప్పి పెట్టి దిగాడు. "రేపు పోదువులే" అని, టీ తాగి వెళ్ళిపోయాడు. ఆ మర్నాడూ అంతే.

మొదట్లో ఓబులేసు ఆమెను అడగాల్సిన మాటలు పదును పెట్టుకుంటూ కూర్చున్నాడు. మిషను లేదు, పని లేదు, చేతులు ఊరికే ఉన్నాయి. అలా ఉండగా ఇంకేవేవో గుర్తుకు రావడం మొదలైంది. ఆటోలోకి ఎక్కించే ముందు ఆమె కొంగుతో మోటారు తుడిచింది. "ఆయన చెయ్యి ఆనిందాన్ని ఇంకొకరు కూడా ఆనాల నాయనా, మూలన పడుంటే నేను చూడలేను" అంది. ఆ మాట అప్పుడు అతని చెవికెక్కలేదు. అప్పుడు అతని చెవి బేరింగుల దగ్గర ఉంది.

ఆ తర్వాత ఒక ఉదయం చెప్పులేసుకోవడం మరిచిపోయాడు. ఇంకో ఉదయం తనే మిద్దెక్కి చక్రాన్ని తిప్పి పెట్టాడు. ముట్టుకుంటే చల్లదనం లేదు. ఎత్తితే చేతికి తేలిగ్గా వచ్చింది.

ఉస్తాద్ వచ్చి, చక్రాన్ని వేలికి తగిలించి, చెక్కపిడి ఓబులేసు చేతిలో పెట్టాడు.

ఓబులేసు భయంభయంగా తట్టాడు.

ఖంగుమంది. ఆ మోత వీధిలోకి వినపడేంతగా సాగి, మెల్లగా ఆగింది.

పగల్లేదు. ఓబులేసు అక్కడే మిద్దె మీద కూలబడ్డాడు. ఇన్నాళ్ళూ ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు ఉండింది. ఇప్పుడు లేచి వెళ్ళిపోయారు. మోసం లేదు. అంతకన్నా, తను వెళ్ళలేదు. ఆ వాకిట్లో నిలబడలేదు. ఆ నాలుగు మాటలు అనలేదు. అనలేదు కదా అని మళ్ళీ మళ్ళీ అనుకున్నాడు. కళ్ళు తుడుచుకోబోయి నవ్వేశాడు.

చక్రం బిగించి స్విచ్ వేశారు. బల్ల మీద టీ గ్లాసు ఉంది. అందులో టీ కూడా కదల్లేదు. ఉస్తాద్ పైనుంచి నీటిబొట్లు పడేట్టు చిన్న గొట్టం కట్టాడు. నీళ్ళు నిలవకుండా తొట్టి అడుగున రంధ్రానికి ఉన్న బిరడా పీకేశాడు. లక్కపుల్లకు అంటించిన రాయిని ఓబులేసు చక్రానికి ఆనించి తిప్పాడు. రాయి మీద పలకలు లేవలేదు. పల్చటి ఎర్రటి ఉబ్బు మెల్లగా, వెన్న మీద వేలు నడిచినట్టు తేలింది.

మోటారు ఆపాక ఓబులేసు అడిగాడు.

"ఉస్తాద్, చక్రం నీళ్ళు తాగి ఒక పక్కే బరువెక్కిందని మీకు మొదటిరోజే తెలుసు. ఆ మాట అప్పుడే చెప్పింటే నాకు ఇంత బాధ ఉండేది కాదు కదా?"

జబ్బార్ ఉస్తాద్ చేతికర్ర అందుకుని లేచాడు.

"చెప్పింటే చక్రమొక్కటే ఆరిండేది, నాయనా."