కస్తూరి మాట

పూర్వం మణికూటమనే రాజ్యాన్ని విక్రాంతుడనే రాజు ఏలేవాడు. ఆయనకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు భద్రసేనుడు, చిన్నవాడు నీలాంగుడు. వాళ్ళ గుర్రశాలలో కస్తూరి అనే మాట్లాడే గుర్రం ఉండేది.

ఒకనాడు ఘోరకంఠుడనే మాంత్రికుడు రాణి హేమవల్లిని ఎత్తుకుని ఏడు సముద్రాల అవతలికి పోయాడు.

తల్లిని తేవడానికి భద్రసేనుడు కస్తూరినెక్కాడు. కోట దాటుతుండగా కస్తూరి కాలు జారింది. భద్రసేనుడి తల రాతికి కొట్టుకుంది. నెత్తురు రాలేదు. కానీ కళ్ళు తిరిగాయి, వెలుగు చూడలేకపోయాడు, అడిగిందే మళ్ళీ అడిగాడు.

"మహారాజా, పైకి గాయం లేకపోయినా లోపల తల అదిరింది. కుదుటపడేదాకా ఎక్కనివ్వకండి" అంది కస్తూరి.

"తల్లి చెరలో ఉంటే కొడుకు పడుకుంటాడా?" అన్నాడు రాజు.

"నాకేం కాలేదు నాన్నగారూ!" అన్నాడు భద్రసేనుడు, తూలుతూనే.

కస్తూరి కదలనని మొండికేసింది. మర్నాడే అతను వేరే గుర్రమెక్కాడు, పొలిమేర చేరకముందే పడ్డాడు. మళ్ళీ తలకే దెబ్బ. ప్రాణం దక్కింది, జ్ఞాపకం దక్కలేదు. కన్నతండ్రిని చూసి "ఎవరయ్యా మీరు?" అన్నాడు.

తరువాత నీలాంగుడు సిద్ధమయ్యాడు. కస్తూరి చేత కందకం దూకించబోయి అతనూ పడ్డాడు, తలకి దెబ్బ తగిలింది. లేచి జీను పట్టుకోబోతే రాజు పరుగెత్తుకొచ్చి ఆపాడు.

"వద్దు నాయనా! కస్తూరీ, ఈసారి నువ్వెలా చెబితే అలా."

"ముందు చీకటి గదిలో విశ్రాంతి. నొప్పి తగ్గాక తోటలో నడక. తల తిరగకపోతే నా మీద కూర్చో, మెల్లగా నడుస్తాను. ఆ తరువాతే పరుగు, అన్నిటికన్నా చివర దూకడం. ఎక్కడ తల నొచ్చినా ఒక మెట్టు వెనక్కి."

"అమ్మ అక్కడ ఏడుస్తుంటే నేను తోటలో తిరగాలా?"

"మీ అన్నను తొందరపెట్టింది నేనే" అన్నాడు రాజు.

నీలాంగుడు చీకటి గదిలోకి నడిచాడు. మొదటిసారి పరుగు తీసిన రోజు "కస్తూరీ, దాచను, తల నొస్తోంది" అన్నాడు. మళ్ళీ నడకకే వచ్చారు. ఋతువు మారాక గాని కస్తూరి సరేననలేదు.

అప్పుడు ఏడు సముద్రాలూ దాటారు. మాంత్రికుడి ప్రాణమున్న చిలుకను పట్టి చంపారు. రాణినీ, ఆమెతోపాటు చెరలో ఉన్న రాకుమారి మృదుపర్ణనూ తెచ్చారు.

రాణి పరుగున వెళ్ళి పెద్దకొడుకును కావలించుకుంది. అతను మర్యాదగా "ఎవరమ్మా మీరు?" అన్నాడు. రాజు తలెత్తలేకపోయాడు.

నీలాంగుడికి మృదుపర్ణతో పెళ్ళయింది. వాళ్ళు చాలాకాలం చల్లగా ఏలారు. పడిన రౌతును కుదుటపడకుండా మళ్ళీ ఎక్కించే పద్ధతి ఆ రాజ్యంలో పోయింది.

పెళ్ళినాడు భద్రసేనుడు తండ్రి పక్కనే కూర్చుని "ఇది ఎవరి పెళ్ళి?" అని అడుగుతూనే ఉన్నాడు. "మీ తమ్ముడిది నాయనా" అని, అడిగినప్పుడల్లా, మొదటిసారి చెబుతున్నట్టే చెప్పాడు రాజు.