విడుదలైనవాడు

బాప్తిస్మం తీసుకున్న కొత్తలో సీలాసుకి కాలు నేల మీద ఆనలేదు. తాగి తిరిగిన రోజులు, అమ్మని ఏడిపించిన రోజులు, అన్నీ కడిగేసినట్టయింది. నరకమంటే ఉన్న భయం పోయింది. సువార్త పని నేర్చుకుందామని గోదావరి లంకలో ఉండే దేవసహాయం అయ్యగారి దగ్గర చేరాడు. అయ్యగారు, ఆయన భార్య అమ్మగారు ఉండే ఇంట్లోనే ఉండి, చర్చి ఊడ్చి, వాక్యం చదువుకునేవాడు.

ఏడాది తిరిగేసరికి ఆ ఉత్సాహం చల్లారింది. ఒకరోజు పొద్దున్నే అయ్యగారి దగ్గర కూర్చుని, గొంతు తగ్గించి అడిగాడు.

“అయ్యగారూ, నాకు రక్షణ దొరికింది. శిక్ష తప్పింది. నమ్ముతున్నాను. కానీ శిక్ష తప్పించాక, దేవుడు నన్నేం చేద్దామనుకున్నాడండీ? ఊరికే వదిలేసినట్టుంది నాకు.”

అయ్యగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. “జైలు దాకా వెళ్ళాలి. చొక్కా వేసుకురా” అన్నారు.

ఆయన నెలనెలా జైలుకి వెళ్ళి ఖైదీలతో మాట్లాడి వస్తారని సీలాసుకి తెలుసు. ఆవేళ వీర్రాజు అనే అతన్ని వదిలిపెడుతున్నారు. కాలవ నీటి తగువులో పార ఎత్తి ఒక మనిషిని కొట్టాడతను. ఆ మనిషి బతకలేదు. వీర్రాజు శిక్ష మొత్తం అనుభవించాడు.

రేవులో పడవ ఆలస్యమైంది. వీళ్ళు వెళ్ళేసరికి జైలు గేటుకి ఎదురుగా, తూము మీద కూర్చుని ఉన్నాడు వీర్రాజు. జుట్టంతా నెరిసింది. ఒళ్ళో గుడ్డసంచి.

“ఎప్పుడో వదిలేశారటగా. ఇక్కడే కూర్చున్నావేం?” అన్నారు అయ్యగారు.

“ఎక్కడికెళ్ళనండీ? తమ్ముడు ఇంటికి రావద్దని కబురు పెట్టాడు. లోపలైతే గంట కొట్టగానే అన్నానికి లేవాలని తెలుసు. బయట ఎవరు కొడతారండీ?”

అయ్యగారు అతని సంచి అందుకుని తన భుజాన వేసుకున్నారు. “పద, ఇంటికెళ్దాం. అన్నం వేళయింది.”

సీలాసు రెండడుగులు వెనకే నడిచాడు. ఇంట్లో ఉన్నవి రెండే గదులు. ఈ మనిషి పడుకునేది తన పక్కనే.

ఇంటికొచ్చాక వీర్రాజు ప్రతిదానికీ అనుమతి అడిగేవాడు. కాళ్ళు కడుక్కోవచ్చాండీ, కూర్చోవచ్చాండీ, దీపం తీసెయ్యొచ్చాండీ. భోజనానికి పిలిస్తే కంచం పట్టుకుని అరుగు మీదికి వెళ్ళి, గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

“లోపలికి రా నాయనా” అన్నారు అమ్మగారు.

“నాకిక్కడ చాలమ్మగారూ. మనిషిని చంపినోణ్ణి.”

అయ్యగారు వాదించలేదు. తన కంచం తీసుకుని, మోకాళ్ళ నొప్పికి మూలుగుతూ, అరుగు మీదికి వెళ్ళి అతని పక్కనే చతికిలబడ్డారు. కాసేపటికి అమ్మగారూ కంచంతో వెళ్ళారు. లోపల సీలాసు ఒక్కడే మిగిలాడు. చివరికి తనూ లేచి వెళ్ళాడు, కాస్త ఎడంగానే కూర్చున్నాడు.

అలా కొన్నాళ్ళు అందరూ అరుగు మీదే తిన్నారు. వాన జల్లు కొడుతున్నా అక్కడే. అయ్యగారు లేవలేక గోడ పట్టుకోవడం చూసి, ఒకరోజు వీర్రాజే అన్నాడు. “లోపల కూర్చుందాం లెండి. మీరు తడిసిపోతున్నారు.”

ఈలోగా సీలాసుకి భయం తగ్గింది. ఇద్దరూ కలిసి పెరట్లో పాదులు తవ్వేవారు. వీర్రాజు నిద్రలో ఉలిక్కిపడి లేస్తే సీలాసు “నేనిక్కడే ఉన్నానన్నా” అనేవాడు. అయినా వీర్రాజు నోట ఆ “కూర్చోవచ్చాండీ” మాత్రం పోలేదు. ఏది పెడితే అది తినేవాడు. తిన్నాక చేతులు జోడించేవాడు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నలుగురూ భోజనానికి కూర్చున్నారు. వంకాయ కూర. వీర్రాజు ఒక ముద్ద తిన్నాడు. ఇంకో ముద్ద కలుపుతూ, ఏదో ఆలోచనలో ఉండి అనేశాడు.

“అమ్మా, కూరలో ఉప్పు లేదు.”

తన మాట తనకే వినబడి బిక్కచచ్చిపోయాడు. కంచం వెనక్కి జరిపాడు. “తప్పైపోయిందండీ… బానే ఉందండీ…”

అమ్మగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. కళ్ళ నిండా నీళ్ళు. “నా మతిమరుపు మండా, వెయ్యడమే మరిచిపోయాను నాయనా!” అంటూ వంటింట్లోకి పరిగెత్తారు.

అయ్యగారు పెద్దగా నవ్వారు. ఆ ముసలాయన అంతలా నవ్వడం సీలాసు ఎప్పుడూ చూడలేదు. నవ్వుతూనే కంచాన్ని మళ్ళీ వీర్రాజు ముందుకి జరిపి, ఇటు తిరిగారు.

“చుట్టం ఎవడూ ఉప్పు లేదనడు సీలాసూ. పిల్లలే అంటారు.”

సీలాసు చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

భోజనాలయ్యాక అయ్యగారు సీలాసుని ప్రార్థన చెయ్యమన్నారు. ఎప్పుడూ అతని ప్రార్థన తన పాపాలతో మొదలై వాటితోనే ముగిసేది. ఆవేళ కళ్ళు మూసుకుని “నాన్నా” అన్నాడు.

చాలాసేపు ఆ ఒక్క మాట మీదే ఉండిపోయాడు. ఎవరూ తొందరపెట్టలేదు.