ఓబులేసు తీసేసిన ఊపిర్లు

దస్తగిరి స్వామి గొంతు పోయింది. రేపే ఆరాధన.

ఈ రెండింటిలో ఏ ఒక్కటైనా ఓబులేసు తట్టుకోగలడు. రెండూ కలిస్తే మాత్రం అతని వల్ల కాదు.

పెన్న ఒడ్డున ఉన్న ఆ చిన్న మఠంలో దస్తగిరి స్వామి తత్వాలు పాడతాడు. ఆయన గురువు పెద్దస్వామి సమాధి కూడా అక్కడే ఉంది. ఏటా ఆరాధన నాడు పొద్దు గుంకే వేళకి సమాధి ముందు మొదటి తత్వం ఎత్తుకోవాలి. అందులో మొదటి చరణం ముగిశాకే దీపం ముట్టించాలి. పాట లేకపోతే దీపం లేదు. దీపం వెలగని ఆరాధన ఆ మఠంలో ఇంతవరకు జరగలేదు.

ఈసారి స్వామికి కర్నూల్లో గొంతు ఆపరేషన్ అయింది. ప్రాణానికి భయం లేదన్నారు. "పాట సంగతి మరిచిపో తాతా, మాట కూడా గుసగుసగానే" అన్నాడు డాక్టరు.

స్వామి పాడలేకపోతే తంబురా పట్టినవాడు పాడాలి. అది ఆ మఠం ఆచారం. తంబురా పట్టేది ఓబులేసు.

ఓబులేసుకు పాట రాక కాదు. తత్వాలన్నీ నోటికి వచ్చు. చాలా ఏళ్ళ కిందట ఒక ఆరాధనలో స్వామి సైగ చేస్తే ధైర్యంగా ఒక చరణం ఎత్తుకున్నాడు కూడా. ఎత్తుకోవడం వరకు బాగానే ఉంది, దించడమే చేతకాలేదు. పైకి పోయిన గొంతు అక్కడే పగిలింది. ముందు వరసలో ఒక పసిబిడ్డ జడుసుకుని ఏడ్చింది. ఆ బిడ్డ ఇప్పుడు కాలేజీకి పోతోంది. బస్టాండులో ఎదురుపడితే ఓబులేసు ఇప్పటికీ తల తిప్పుకుంటాడు.

అప్పటినుంచి అతని సంగీతమంతా ఫోన్‌లోకి పోయింది. బస్టాండు ఎదురుగా అతనికి సెల్‌ఫోన్ల షాపు ఉంది. బాగుచేయమని ఇచ్చి ఎవరో మళ్ళీ రాకుండా పోయిన ట్యాబ్ ఒకటి అతనికి మిగిలింది. అందులో పాటలు తయారుచేసే యాప్‌లు వేసుకుని, తనంతట తనే నేర్చుకున్నాడు. ఎవరూ నేర్పని విద్య గనక, ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో నొక్కాక గాని తెలిసేది కాదు. ఒక పెళ్ళి ఊరేగింపు పాటలో పొరపాటున కుక్క అరుపు ఉండిపోయింది. జనం అదేదో కొత్త వాయిద్యం అనుకున్నారు. ఆ తరవాత వచ్చిన పెళ్ళివాళ్ళు "ఆ కుక్కది ఉందే, అదే మాకూ పెట్టు" అన్నారు.

తంబురా కూడా ఇప్పుడు యాప్‌లోనే మోగుతోంది. తీగె తెగదు, శ్రుతి దిగదు. అసలు తంబురా కొక్కేనికి వేలాడుతోంది. తంబురా పట్టినవాడే పాడాలి కదా, ఇప్పుడు దాన్ని పట్టింది ట్యాబ్ కాబట్టి ట్యాబే పాడాలి అని ఓబులేసు తనకు తనే తీర్పు చెప్పుకున్నాడు. తీర్పు బాగానే ఉంది. స్వామి ముందు మాత్రం దాన్ని పైకి అనలేదు.

ట్యాబ్ పాడటానికి ఒక దారి ఉంది. స్వామి ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో, ఒక సాయంత్రం మఠం అరుగు మీద ఇదే తత్వం పాడుతుంటే ఓబులేసు ఫోన్‌లో రికార్డు చేసుకున్నాడు. మొన్న దాన్ని ట్యాబ్‌లోకి ఎక్కించి శుభ్రం చేయడానికి కూర్చున్నాడు.

తెర మీద పాట గుట్టలు గుట్టలుగా కనిపిస్తుంది. పెద్ద గుట్టలు స్వామి గొంతు. వాటి మధ్య సందుల్లో చిన్న చిన్న పిలకలు. ఒకటి మేక అరుపు, ఒకటి ఎవరిదో స్కూటరు, మిగిలినవి స్వామి ప్రతి పాదానికి ముందూ ముక్కుతో బరబరమని లాగే ఊపిర్లు. ఓబులేసు వేరుశనగ చేలో కలుపు తీసినట్టు అన్నిటినీ ఏరి పారేశాడు. మేక పోయింది, స్కూటరు పోయింది, బరబరలు పోయాయి. అద్దంలా తయారైంది పాట.

ఆరాధనకు ముందు రోజు మధ్యాహ్నం దాన్ని మఠంలో వినిపించాడు. స్వామి నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. తాళాలు వేసే లింగమ్మత్త, కంజీర వాయించే రామాంజి కింద చాప మీద ఉన్నారు. వంత పాడేది వాళ్ళిద్దరే.

స్పీకరులోంచి స్వామి గొంతు లేచింది.

"గాలికి ఇల్లు కట్టినోడా... గడప దాటి యాడికి పోతావు..."

లింగమ్మత్త కొంగుతో కళ్ళొత్తుకుంది. "ఏమప్పా ఈ గొంతు! పెండ్లికొడుకు మాదిరి ఉండాడే స్వామి!"

ఓబులేసు ఓరకంట స్వామి వైపు చూశాడు. స్వామి కళ్ళు మూసుకుని విన్నాడు. అయిపోయాక కళ్ళు తెరిచి, ఇక మీరూ అందుకోండి అన్నట్టు వంతవాళ్ళకు చెయ్యి ఊపాడు.

ఓబులేసు మళ్ళీ మొదటినుంచి పెట్టాడు. ఈ తత్వం ఎత్తుగడలో తాళం ఉండదు. స్వామి తనకు తోచినంత సేపు సాగదీస్తాడు, ఆపుతాడు, మళ్ళీ ఎత్తుకుంటాడు. ఆ ఎత్తుకునే చోట వంతవాళ్ళు కలవాలి. ఇన్నేళ్ళలో వాళ్ళు వెంట్రుకవాసి తప్పింది లేదు.

ఇప్పుడు లింగమ్మత్త ముందే దూకింది. రామాంజి వెనక పడిపోయాడు.

"నిద్రపోతాండావా రామాంజీ?"

"నేనా? నువ్వే బస్సులో సీటుకు దూకినట్టు దూకితివి."

మళ్ళీ పెట్టాడు. ఈసారి రామాంజి దూకాడు, లింగమ్మత్త నోరు తెరిచి అట్లాగే ఉండిపోయింది. మూడోసారి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ అసలు ఎత్తుకోనేలేదు.

ఓబులేసు ట్యాబ్ మీదికి వంగాడు. "ఉండండి ఉండండి" అని ఇంకేదో నొక్కాడు. పాట వెనక టిక్కు టిక్కుమని మొదలైంది. "దీన్ని బట్టి అందుకోండి."

"ఇదేందిరా, స్వామి గొంతులో గోడ గడియారం పెట్టినావు!" అన్నాడు రామాంజి. ఆ టిక్కులు ఒక దారిన పోతున్నాయి, స్వామి పాట ఒక దారిన పోతోంది.

టిక్కులు తీసేసి మళ్ళీ పెట్టాడు. లింగమ్మత్త ఈసారి పట్టుదలగా స్పీకరు దగ్గరికి జరిగి చెవి పెట్టింది. కొంతసేపటికి ఆమె మొహం కందగడ్డలా అయింది. ఒక్కసారిగా గాలి వదిలి, రొమ్ము పట్టుకుంది.

"ఒరే ఓబులేసూ! ఈ స్వామి ఊపిరి తీసుకోవడం లేదురా!"

"అవునత్తా. తీసేసినాను. క్లీన్‌గా ఉంటాదని."

"తీసేసినావా?" లింగమ్మత్త తాళాలు చాప మీద పెట్టింది. "మనిషి ఎదురుగా మంచం మీద కూచోనుంటే, ఆయన ఊపిరి తీసేసినావా?"

"అట్లా కాదత్తా..."

"ఇంకెట్లారా? ఆయప్ప పీలిస్తే మేము పీలుస్తాం. ఆయప్ప వదిలితే మేము వదుల్తాం. మాకు ఇంకేం లెక్క తెలుసు?"

ఓబులేసుకు ఈ లెక్క తెలియనిది కాదు. మఠంలో చేరిన కొత్తలో స్వామి తనకు నేర్పింది అదొక్కటే. "నా వెనక కూచో. నేను పీల్చినప్పుడు పీల్చు." పాట లేదు, మాట లేదు, రోజూ అదే. స్వామికి వీపు మీద దోమలు తోలే మనిషి కావాలేమో అనుకున్నాడు అప్పట్లో.

తీసేసినవి తిరిగొస్తాయేమోనని ట్యాబ్ మీద వెనక్కి బాణం గుర్తు నొక్కాడు. రాలేదు. ఫోన్ తీసి అసలు రికార్డింగు కోసం వెతికాడు. చోటు చాలడం లేదని మొన్ననే దాన్ని డిలీట్ చేసినట్టు అప్పుడు గుర్తొచ్చింది. కుక్క అరుపున్న పెళ్ళిపాట మాత్రం భద్రంగా ఉంది.

మంచం దగ్గరికి పోయి స్వామి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"తప్పయిపోయింది స్వామీ. మీ ఊపిర్లన్నీ తీసి పారేసినాను. మళ్ళా రావంట."

స్వామి భుజాలు అదిరాయి. కళ్ళు ముడుచుకుపోయాయి. చప్పుడు లేదు గనక, అది నవ్వని తెలియడానికి ఓబులేసుకు కొంచెం సేపు పట్టింది.

"ఇంకా కొన్ని ఉండాయిలే" అన్నాడు స్వామి గుసగుసగా.

ఓబులేసుకు ప్రాణం లేచొచ్చింది. పరుగున పోయి మైకు తెచ్చి స్వామి మూతి దగ్గర పెట్టాడు. "అయితే ఇప్పుడే పీల్చండి స్వామీ. పట్టుకుంటాను. పాట మధ్యలో యాడ కావాల్నో ఆడ అతికిస్తాను. రాత్రికి అయిపోతాది."

గంజి వద్దనే పిల్లాడిలా స్వామి మైకును వేలితో పక్కకు నెట్టాడు.

"ఇప్పుడు పాట లేదు కదా."

"మరి ఎప్పుడు స్వామీ?"

"రేపు. దీపం కాడ." అంత మాట్లాడేసరికి ఆయన చేత్తో గొంతు పట్టుకున్నాడు. లింగమ్మత్త ఓబులేసు వైపు ఉరిమి చూసింది.

మర్నాడు ఓబులేసు మధ్యాహ్నానికే మఠానికి వచ్చాడు. అతని ఆలోచన ఇది: స్వామి మైకులో ఊపిరి పీలుస్తాడు. అది స్పీకర్లో వినబడుతుంది. వినబడిన మరుక్షణం తను ట్యాబ్ మీద నొక్కితే పాదం మొదలవుతుంది. వంతవాళ్ళు అందుకుంటారు. పాదం కాగానే ఆపాలి. మళ్ళీ ఊపిరి, మళ్ళీ నొక్కుడు. అన్నిటికంటే ముందు ఎర్ర చుక్క నొక్కి ఇదంతా రికార్డు చేసుకోవాలి కూడా. ఒక్క క్షణం ఇటయినా అటయినా ఊరందరి ముందూ నవ్వులపాలు. నవ్వులపాలయినా పర్వాలేదు, దీపం ఆగిపోతే?

కరెంటు పోతుందేమోనని బ్యాటరీ తెచ్చాడు. వైరు తెగుతుందేమోనని ఇంకో వైరు తెచ్చాడు. మైకు మొరాయిస్తుందేమోనని ఇంకో మైకు తెచ్చాడు. గొంతుకు తప్ప అన్నిటికీ స్పేరు తెచ్చుకున్నాడు.

పొద్దు వాలింది. జనం వచ్చి కూర్చున్నారు. కాలేజీకి పోయే ఆ పిల్ల కూడా వచ్చి, సరిగ్గా ముందు వరసలోనే కూర్చుంది. సమాధి ముందు ప్రమిదలో వత్తి నూనెలో నాని ఉంది. లింగమ్మత్త ఒళ్ళో తాళాలు, పక్కన అగ్గిపెట్టె. స్వామి మైకు ముందు కూర్చున్నాడు. ఓబులేసు ఎప్పటిలాగే ఆయన వెనక కూర్చుని ట్యాబ్‌ను ఒళ్ళో పెట్టుకున్నాడు.

బొటనవేలు చెమటతో తడిసిపోయింది. తడి వేలికి తెర పలకదు. పంచెకు తుడుచుకున్నాడు. మళ్ళీ తడిసింది. మళ్ళీ తుడుచుకున్నాడు.

సమాధి వెనక పొద్దు గుంకింది. జనం సద్దుమణిగారు. ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.

స్వామి వీపు మెల్లగా నిటారు అయింది. ముక్కుతో ఊపిరి లాగాడు. ఆపరేషన్ అయ్యాక ఇంకా గరుకు తేలింది అది. రంపంతో పచ్చికర్ర కోసినట్టు స్పీకర్లోంచి మఠమంతా వినబడింది. లింగమ్మత్త భుజాలు లేచాయి. రామాంజి భుజాలు లేచాయి. కంజీర మీద వేళ్ళు ఆగాయి.

ఓబులేసు వేలు తెర మీదికి పోతోంది. పోతూ ఉండగానే అతని రొమ్ము నిండిపోయింది. ఇన్నేళ్ళుగా ఆ వీపు వెనక కూర్చున్న రొమ్ము, అడక్కుండానే నిండింది. నిండింది ఎటో ఒకవైపు పోవాలి కదా.

"గాలికి ఇల్లు కట్టినోడా..."

ఎవరిదీ గొంతు అని ఒక్క క్షణం ఓబులేసుకే అనుమానం వచ్చింది. జీరగా ఉంది, వణుకుతోంది. పైకి పోయేచోట పగిలింది కూడా. లింగమ్మత్త, రామాంజి వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చి ఆ పగులులో కలిశారు.

స్వామి మళ్ళీ పీల్చాడు.

"గడప దాటి యాడికి పోతావు..."

ముందు వరసలో ఎవరూ ఏడవలేదు. ఏడ్చినా ఓబులేసు చూసి ఉండడు. అతను స్వామి వీపునే చూస్తున్నాడు. అది లేస్తే లేస్తున్నాడు, దిగితే దిగుతున్నాడు. మొదటి చరణం ముగిసింది. అగ్గిపుల్ల గీసిన చప్పుడయింది. దీపం వెలిగింది.

తత్వం పూర్తయి జనం ప్రసాదం వైపు లేచాక ఓబులేసు ఒళ్ళోకి చూసుకున్నాడు. ట్యాబ్ ఎప్పుడో నిద్రపోయి, తెర నల్లగా ఉంది. వేలు తగిలిస్తే వెలిగింది. పాట మొదలు పెట్టాల్సిన గుర్తు నొక్కకుండా అట్లాగే ఉంది. రికార్డు చేసే ఎర్ర చుక్కా అట్లాగే ఉంది.

స్వామి వెనక్కి తిరిగాడు. వంగి ట్యాబ్ వైపు వేలు చూపించాడు.

"నీ పలకలో పడిందా?"

"లేదు స్వామీ," అన్నాడు ఓబులేసు తల దించుకుని. "నొక్కడం మరిచిపోతి."

స్వామి అతని భుజం మీద చెయ్యి వేసి పైకి లేచాడు.

"అయితే రేపు మళ్ళా పాడాల."