సొంబారి బదులు

కల్పవల్లికి ఇరవై తొమ్మిదేళ్ళు. ఎదుటివాళ్ళు ఏం చెప్పినా తలాడిస్తుంది. మనస్తత్వశాస్త్రం చదివేటప్పుడు అంటుకున్న అలవాటు. నీ మాట వింటున్నానని ఎదుటి మనిషికి తెలియాలట. సంతలో వంకాయల ధర చెప్పినా అలాగే ఆడిస్తుంది. బేరం కుదిరిందనుకుని వాళ్ళు తూచేస్తారు.

ఆ పూట మాత్రం తలాడించడానికి ఆమె ఎదుట మాటలేమీ లేవు. కిల్లో సొంబారి గడప లోపల మోకాళ్ళు ముడుచుకు కూర్చుని, చూరు మీంచి కారే వానను చూస్తోంది.

"నీలో ఉన్న బలాలేంటో చెప్పు సొంబారీ," అంది కల్పవల్లి మళ్ళీ.

సొంబారి చాలాసేపటికి నోరు విప్పింది. "బలవా? నాకెక్కడిదమ్మా బలం! సూదేస్తావేటి?"

బలానికి వేసే ఇంజెక్షన్ అన్నమాట. ఏ ఇంటికెళ్ళినా అదే జవాబు. కొందరైతే టానిక్కు సీసా తెచ్చిందేమోనని కల్పవల్లి సంచీలోకి తొంగి చూశారు.

కొండల మీది ఆదివాసీల మనసులు బాగుచేసే ప్రాజెక్టులో ఆమె ఉద్యోగం. "ఇన్నాళ్ళూ ఆదివాసీ అనగానే లోపాలే వెతికాం. తాగుడు, భయం, మూఢనమ్మకం. ఇకమీదట వాళ్ళలో ఉన్న బలాలు వెతుకుదాం" అని విశాఖపట్నంలో ఓ చల్లటి హాల్లో కూచోబెట్టి చెప్పారు. ఆ మాట కల్పవల్లికి నిజంగానే నచ్చింది. మంచి మాటే మరి. కాకపోతే హాల్లో నచ్చిన మాట కొండెక్కేసరికి ఇంజెక్షనై కూచుంది.

సొంబారి పెద్దకూతురు సుక్రి మైదానంలో హాస్టల్లో చదివేది. కిందటేడు జ్వరంతో పోయింది. జ్వరం వచ్చిన సంగతి తల్లికి ఎవరూ చెప్పలేదు. పోయిన సంగతి చెప్పారు. అప్పట్నించీ సొంబారి పొయ్యి వెలిగిస్తే వెలిగించినట్టు, లేకపోతే లేదు. ఐదేళ్ళ చిన్నకూతురు మంగ్లి ఏ ఇంట్లో గంజి ఉంటే ఆ ఇంట్లో తాగి, ఎక్కడ నిద్రొస్తే అక్కడ పడుకుంటోంది. మొగుడు ఇటుక బట్టీకని వెళ్ళి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. అతని మతి సరిగా ఉందో లేదో కొలవడానికి ఏ ప్రాజెక్టూ మనిషిని పంపలేదు.

సొంబారి మతి మాత్రం సరిగా లేదని ఆఫీసులో తేలిపోయింది. పిల్ల ఇంటింటా తిరిగి తింటోంది కాబట్టి దిక్కులేనిదని కూడా తేలిపోయింది. మైదానంలో హోం ఉంది, అక్కడ చేర్చాలన్నారు. ఒక కూతుర్ని కిందికి పంపి పోగొట్టుకున్న తల్లికి, రెండో కూతుర్ని కూడా అక్కడికే పంపడం వైద్యం!

సోమవారం కమిటీ కూర్చుంటుంది. కల్పవల్లి చెప్పిందాన్ని బట్టి నిర్ణయం. తల్లిలో బలాలున్నాయంటే పిల్ల ఉంటుంది. లేవంటే జీపు ఎక్కుతుంది. పిల్ల వెళ్ళడం కల్పవల్లికి బొత్తిగా ఇష్టం లేదు. కానీ ఆ మనిషిలో ఏ బలముందని చెప్పాలి? లోపాల పరీక్షలో ఎప్పుడో తప్పిన సొంబారి, పాపం, బలాల పరీక్షలో కూడా తప్పుతోంది.

ఆ ఊళ్ళో తను చేసిన మంచిపని ఒక్కటైనా ఉందని కల్పవల్లి సర్దిచెప్పుకుంది. వచ్చిన కొత్తలో, ఒకరోజు పొద్దున్నే ఈ గుమ్మం ముందు పక్కింటి గురుబారి నడుం మీద చెయ్యేసుకుని అరుస్తోంది. "ఒలే సొంబారీ! నీకేటి తక్కువే? కూకుని కూకుని కుళ్ళిపోతావ్. లేవవే దున్నపోతా!" వెనక ఇంకో నలుగురు వంత పాడుతున్నారు. కల్పవల్లి పరిగెత్తుకెళ్ళి అడ్డుపడింది. దుఃఖంలో ఉన్న మనిషిని అలా అనకూడదనీ, ఆమెకి విశ్రాంతి కావాలనీ, కొన్నాళ్ళు తన మానాన తనని వదిలెయ్యాలనీ గురుబారికి నెమ్మదిగా నచ్చజెప్పింది. గురుబారి నోరు తెరుచుకుని విని, సరేనంది. ఆ మర్నాటి నుంచి ఆ గుమ్మంలో ఒక్క తిట్టు వినబడలేదు.

వాన కాస్త తెరిపివ్వగానే కల్పవల్లి ఆటో పట్టుకుని తన గురువు దగ్గరికి వెళ్ళింది.

వంతల రత్నాలుది ఆ కొండల్లోనే ఒక ఊరు. యూనివర్సిటీలో చాలా ఏళ్ళు మనస్తత్వశాస్త్రం చెప్పి, రిటైరయ్యాక ఇక్కడి మండల కేంద్రంలో రెండు గదులు తీసుకుని, వచ్చినవాళ్ళని చూస్తోంది. ఆమె క్లాసులో రాసుకోవడానికి ఏమీ ఉండదని అప్పట్లో కొందరు పిల్లలు ఫిర్యాదు చేసేవాళ్ళు. కల్పవల్లి వెళ్ళేసరికి వాకిట్లో కూచుని పనసగింజలు ఒలుస్తోంది.

"ఏమే, మొహం అలా వేలాడేశావు?"

కల్పవల్లి అంతా చెప్పింది. సుక్రి సంగతి, మంగ్లి సంగతి, కమిటీ సంగతి. "ఆవిడలో బలమేదీ కనబడట్లేదు మేడం. లేనిది ఉందని ఎలా చెప్పను? ఉన్నదేదో నాకు కనబడట్లేదేమోనని భయంగానూ ఉంది."

రత్నాలు ఒక గింజ ఒలిచి పళ్ళెంలో వేసింది. "సొంబారి ఎవరికైనా బదులున్నదా?"

"ఎక్కడ మేడం! బదులే ఇవ్వట్లేదు. ఏమడిగినా మౌనం."

రత్నాలు తలెత్తి చూసింది. నవ్వాపుకోవడానికి పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. ఎందుకు నవ్విందో కల్పవల్లికి తెలీలేదు. అలవాటు చొప్పున తలాడించింది.

"సరేలే. రేపు నువ్వు సొంబారి బదులు వెళ్ళు. నేనూ వస్తా."

ఆవిడ బదులు తను వెళ్ళడమేమిటి? ఎక్కడికి? కమిటీకా? కమిటీ సోమవారం కదా? అడగబోతే, "గింజలు ఒలు," అని పళ్ళెం ముందుకు తోసింది రత్నాలు.

మర్నాడు పొద్దున్న ఇద్దరూ ఊళ్ళో దిగారు. రత్నాలు సొంబారి గుమ్మం దగ్గర ఆగింది. లోపలికి వెళ్ళలేదు. బాగున్నావా అని కూడా అడగలేదు.

"సొంబారీ, ఈ పిల్ల ఇవాళ నీ బదులు గురుబారి చేనుకి పోతోంది," అని కేకేసి ముందుకు నడిచింది.



ఆ కొండల్లో ఇవాళ నువ్వు నా చేనుకి వస్తే రేపు నేను నీ చేనుకి వస్తాను. కూలి మాట ఉండదు. దాన్ని బదులు అంటారు. ఈ సంగతి కల్పవల్లికి చేలో అడుగు పెట్టాక తెలిసింది. జవాబు కాదు, కమిటీ కాదు, కలుపు తియ్యాలి! గురుబారి ఆమె నెత్తిన ఆకులతో అల్లిన గిడుగు పెట్టి, వాన తగలకుండా సర్ది, చేతిలో కలుపు తీసే చిన్న బొరిగ ఒకటి పెట్టింది. రత్నాలు గట్టు మీద రాయి చూసుకుని కూచుంది.

"సొంబారి బదులు పంతులమ్మొచ్చిందర్రా!" అంది గురుబారి.

ఆడవాళ్ళు పకపక నవ్వారు. "ఓలమ్మ! చేతులు చూడు, పూరీ పిండిలాగున్నాయి," అంది ఒకామె.

చోడి, అంటే రాగి, మొక్కలు వరసలుగా జానెడెత్తు లేచాయి. కల్పవల్లి వంగి పీకడం మొదలుపెట్టింది. నడుం పట్టేసింది. బురదలో కాలు దిగబడింది. అయినా మొండిగా పీకింది. పీకుతూనే పక్క వరసలో ఉన్న గురుబారిని అడిగింది.

"సొంబారి బదులు ఎందుకు తియ్యాలి? ఆవిడ బాకీ ఉందా?"

"ఉండదా మరి? పోయినేడు అది ఏడుస్తా కూకుంటే దాని సేను మేవే దున్నినాం, మేవే కోసినాం. మా బదులు అది ఇయ్యద్దా? దానికే రోజూ పోయి గుమ్మం కాడ తిట్టీవోళ్ళం. అదీ మమ్మల్ని తిట్టుకుంటా వచ్చీసేది. మాపటికి ఇంత గంజి తాగీసేది."

కల్పవల్లి బొరిగ ఆగింది. "వచ్చేదా?"

"రాకేటి? మా మీద కోపంతో వచ్చీసేది."

"మరి ఇప్పుడెందుకు పిలవట్లేదు?"

గురుబారి ఆమె వంక వింతగా చూసింది. "నువ్వే కదమ్మా అన్నావ్, దానికి రెస్టు కావాల, వదిలీయండని? సదువుకున్నదానివి, నీకు తెలుస్తాదని వదిలీసినాం."

కల్పవల్లి గట్టు వైపు చూసింది. రత్నాలు అటు తిరిగి కొండ మీది మబ్బు చూస్తోంది.

ఏం చెయ్యాలో తెలీక కల్పవల్లి ఇంకా గబగబా పీకింది. అప్పుడు పడింది గురుబారి చూపు, ఆమె వెనక కుప్పపోసిన దాని మీద.

"ఓలమ్మో! ఓలమ్మో నా సేను!"

అందరూ చేరారు. ఆ వయసులో చోడి మొక్కా, దాని పక్కన లేచే గడ్డీ ఒక్కలాగే ఉంటాయి. కల్పవల్లి చోడి పీకి గడ్డి మిగిల్చింది. వరస పొడుగునా గడ్డి హాయిగా ఊగుతోంది.

గురుబారి గట్టెక్కి, పైన ఉన్న ఇళ్ళ వైపు తిరిగి గొంతు చించుకుంది.

"ఒలే సొంబారీ! నీ బదులొచ్చిన మేడము సోడి పీకీసి గడ్డి పెంచతందే! ఇది బదులు కింద జమ కాదు! ఇన్నావా? సచ్చినా జమ కాదు!"

 కల్పవల్లి చేతుల నిండా మొక్కలతో అలాగే నిలబడిపోయింది. క్షమించమనాలో, మళ్ళీ నాటాలో, పారిపోవాలో తెలీలేదు.

పైనుంచి ఒక మనిషి దిగి వస్తోంది. గిడుగు లేదు. జుట్టు రేగిపోయి ఉంది. వెనకే ఒక చిన్నపిల్ల ఆమె చీర చెంగు పట్టుకుని, జారుతూ లేస్తూ వస్తోంది.

సొంబారి ఎవరితోనూ మాట్లాడలేదు. కల్పవల్లి చేతిలోంచి ఒక మొక్క తీసి వేరు చూసింది. "ఇదేటి? ఇది సోడి." దాన్ని తిరిగి బురదలో గుచ్చి బొటనవేలితో నొక్కింది.

"జరుగు," అంది.

కల్పవల్లి వరసలోంచి తప్పుకుంది. సొంబారి ఆమె చేతిలో బొరిగ లాక్కుంది.

"నా బదులు నాను తీర్సుకుంటాను. నువ్వెల్లి గట్టు మీద కూకో."

"వచ్చినావేటే మారాణీ?" అంది గురుబారి. "పల్లకీ పంపినాం కాబోలు."

"నీ నోట్లో మట్టెయ్య."

"నీ నోట్లోనే ముందెయ్యి. ఇన్నాళ్ళ బాకీ."

సొంబారి వంగింది. ఆమెకి చోటిచ్చినట్టు ఎవరూ జరగలేదు. అయినా చోటుంది.

మంగ్లి ఇంకొకామె వీపు మీదికెక్కి, ఆ గిడుగు కిందే నిద్రపోయింది.

వరస సగంలో సొంబారి ఏడ్చింది. "సుక్రీ, నా సుక్రీ" అని గొంతెత్తి ఏడ్చింది. కల్పవల్లి చటుక్కున లేచింది. రత్నాలు ఆమె చున్నీ పట్టి కిందికి లాగి కూచోబెట్టింది.

చేలో ఎవరూ పని ఆపలేదు. ఓదార్చలేదు. గురుబారి మాత్రం తన వరస వదిలి సొంబారి వరసలోకి వచ్చి, అటునుంచి కలుపు తీసుకుంటూ ఎదురొచ్చింది. ఇద్దరి తలలూ ఆనేంత దగ్గరికి వచ్చాక ముక్కు చీది, ఏదో బూతు మాట అంది. సొంబారి ఏడుస్తూనే దానికి ఇంకో బూతు కలిపింది. తర్వాత ఎవరి వరసలోకి వాళ్ళు వెళ్ళిపోయారు.

కల్పవల్లికి బుర్ర పనిచెయ్యలేదు.

"నేనిప్పుడు ఏం చెప్పాలి మేడం? బలం ఎవరిది? సొంబారిదా, గురుబారిదా? తిట్టడమే బలమంటే కమిటీ నవ్వదా? అయినా ఆవిడ ఇంకా ఏడుస్తోంది. ఏమీ తగ్గలేదు. మరి ఇది లోపమా, బలమా?"

రత్నాలు కల్పవల్లి ఒళ్ళో ఇంకా మిగిలి ఉన్న ఒక మొక్కను తీసి వేళ్ళ మధ్య తిప్పింది.

"ఇది గడ్డి అనుకున్నావేం?"

"రెండూ ఒక్కలాగే ఉన్నాయి మేడం."

"ఉంటాయి. అందుకే కలుపు ఒక్కరే తియ్యరు."

కల్పవల్లి తలాడించలేదు.

మర్నాడు సొంబారి చేనుకి రాలేదు. ఆ తర్వాతి రోజు గురుబారి గుమ్మంలో నిలబడి పాత తిట్లన్నీ తిడితే, వచ్చింది.

సోమవారం కమిటీ వాళ్ళు తల్లిలో ఏం బలాలు కనిపెట్టావని అడిగారు. తెలీదంది కల్పవల్లి. మరి పిల్లని పంపడానికేం అభ్యంతరమన్నారు. గురుబారిని పిలిచి అడగమంది. గురుబారి ఎవరన్నారు. కల్పవల్లి చెప్పబోయి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక ఆగిపోయింది. వాళ్ళు పిల్లని హోంకి పంపే కాగితం ముందుకు తోసి పెన్ను ఇచ్చారు.

ఆమె సంతకం పెట్టలేదు. ఆ సంతకం లేక మంగ్లి ఊళ్ళోనే ఉండిపోయింది. కల్పవల్లి ఉద్యోగం పోయింది.